ముప్ఫై రెండు రూపాయల బాకు

ముప్ఫై రెండు రూపాయలకు దొరికే వస్తువును గంటన్నరసేపు బేరమాడి, ఎన్ని రూపాయలిచ్చినా దొరకని వస్తువుగా మార్చి వచ్చినవాణ్ణి నేను. బెజవాడ బజార్లో బేరగాళ్ళకు కొదవ లేదు గాని, ఈ ఘనత మరెవరికైనా ఉన్నట్టు వినలేదు.

మాది బట్టల కొట్టు. చుట్టూ ఉన్నవీ కొట్లే. మాటలు సరిగ్గా రాకముందే ధర విని ముఖం చిట్లించడం నాకు వచ్చు. పాతికేళ్ళు నిండేసరికి పాత కత్తులు పోగుచేసే పిచ్చి పట్టుకుంది. "పెట్టెడు కత్తులున్నాయి, వంకాయ తరగడానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు," అనేది మా అమ్మ.

పాత కత్తులు అమ్మేవాళ్ళలో మోసగాళ్ళు తక్కువ. చాలామంది తాము చెప్పేది తామే నమ్ముతారు. తుప్పు పట్టిన ప్రతి కత్తీ బొబ్బిలి యుద్ధంలో తిరిగిందే. పిడి ఎముకదైతే ఏనుగు దంతమంటారు, మచ్చ ఉంటే నెత్తురంటారు. నాకొక పద్ధతి ఉండేది. కథ లేకుండా అమ్మేవాడికి చెప్పినదాంట్లో సగం, కథతో అమ్మేవాడికి పావు వంతు.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నూలుకు సర్కారు కంట్రోలు, చాటుగా దొంగ ధరకు తప్ప దొరికేది కాదు. చల్లపల్లి దగ్గర పల్లెలో ఒక నేతగాడు నూలు దొరక్క మగ్గం ఆపి నెలయిందనీ, ఇంట్లో ఉన్న బాకు అమ్మి నూలు కొనాలని చూస్తున్నాడనీ మా కొట్టుకు చీరలు తెచ్చే దలారి చెప్పాడు. అవసరంలో ఉన్నవాడి దగ్గర సరుకు చవగ్గా వస్తుందని లెక్క వేసుకుని పెట్రోలు కరువులో బొగ్గు మీద నడిచే బస్సెక్కాను. సిగ్గుపడాల్సిన లెక్కే. ఆ రోజు మాత్రం సిగ్గుపడలేదు.

ఇంట్లో అడుగుపెట్టగానే గుంటమగ్గం కనిపించింది. దానిమీద గోనెపట్టా కప్పి ఉంది. పట్టా మీద ఒక పిల్లి పడుకుని ఉంది. నేతగాడికి ముప్ఫై ఐదేళ్ళుంటాయి. వాళ్ళమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆయన గుడ్డ విప్పి వస్తువు చేతికిచ్చాడు.

జానెడు ఇత్తడి పిడి. ఒక కొసన మడిచే చిన్న కత్తి, రెండో కొసన ఇనప ములుకు. చూస్తూనే పోల్చుకున్నాను. తాటాకు మీద రాసే గంటం అది. కత్తి ఆకును కొయ్యడానికి, ములుకు రాయడానికి. రెండూ ఒకే పిడికి ఉన్నది నా పెట్టెలో లేదు. అయినా అలవాటు ప్రకారం ముఖం చిట్లించాను.

"ఎంతండీ?"

"ముప్ఫై రెండండి."

"దేనికంత?"

"బొబ్బిలి యుద్ధంలో మా తాత పట్టిందండి. ఈ ములుక్కి విషం రాసి పొడిచేవోళ్ళంట."

"బొబ్బిలి యుద్ధమై రెండొందల ఏళ్ళు కావస్తోంది. మీ తాతగారు ఎన్నేళ్ళు బతికారేంటి?"

"మా నాయన చెప్పాడండి. ఆయన అబద్ధం ఆడడు."

"ఎనిమిదిస్తాను."

"ముప్ఫై రెండండి."

లేచాను, గుమ్మం దాకా వెళ్ళాను, వెనక్కి వచ్చాను. పది అన్నాను, పన్నెండు అన్నాను, పదిహేను దాకా ఎక్కాను. ఆయన అర్ధణా దిగలేదు. ఇక లాభం లేదని నా దగ్గరున్న ఆఖరి ఆయుధం తీశాను. నిజం చెప్పాను.

"ఇది బాకు కాదండీ, గంటం." దడి నుంచి ఒక తాటాకు తెప్పించి, దాని కత్తితోనే కోసి, ములుకుతో 'చీర' అని గీకి, దీపం మసి రుద్ది తుడిచాను. అక్షరాలు నల్లగా తేలాయి. "చూశారా? కరణాలు ఊరి లెక్కల కవిలెలు రాసుకునేది. దీంతో చీమను కూడా చంపలేం. ఇప్పుడు చెప్పండి ధర."

ఆయన ఆకును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇప్పటిదాకా బాకు ధర చెప్పానండి. గంటం ధర ఇంకా చెప్పలేదు."

నాకు నవ్వొచ్చింది. మా బజార్లో పుట్టాల్సిన మనిషి అనుకున్నాను. ఈలోగా ముసలమ్మ ఆకు అందుకుంది.

"ఒరేయ్, ఇట్టాంటి ఆకులే అటక మీదున్నాయి గదరా. మంత్రాలేమోనని మీ నాయన ముట్టుకోనిచ్చేవోడు కాదు."

కట్ట దించారు. పై ఆకుకు మసి రుద్ది, వెలుతురులోకి పట్టి, కూడబలుక్కుంటూ చదివాను. "అంచు ఎరుపు పన్నెండు పోగులు. నలుపు రెండు. పసుపు నాలుగు..."

నేతగాడి వేళ్ళు గాలిలో కదులుతున్నాయి. నేను తర్వాతి మాట పోల్చుకునేలోపే ఆయన అందుకున్నాడు. "మళ్ళీ నలుపు రెండు, ఎరుపు పన్నెండు. మా అంచేనండి ఇది. ఇప్పటికీ ఇదే వేస్తన్నాం."

"బాకు ఉందని ఊరంతా మా మావంటే హడలిపోయేది," అంది ముసలమ్మ. "ఆయన కోడిని కొయ్యాలన్నా పక్కింటోళ్ళని పిలిచేవోడు నాయనా."

నేతగాడు గంటాన్ని గుడ్డలో చుట్టాడు. "మా తాత అంచు రాసింది దీంతోనేనండి. ఇంక అమ్మనండి. ఏమనుకోమాకండి."

"ఇరవై."

"వద్దండి."

"సరే, ముప్ఫై రెండూ ఇస్తాను."

"వద్దండి."

"మరి నూలు సంగతి?"

ఆయన పిల్లి వైపు చూశాడు. "ఆ ముప్ఫై రెండూ నూలుకేనండి. చాటుగా కట్ట అంతకి ఇస్తామన్నారు."

అప్పుడు వెలిగింది నాకు. కత్తికి ముప్ఫై రెండని ఎవరూ చెప్పరు. ముప్ఫై అంటారు, నలభై అంటారు. ఆ వారమంతా మా కొట్టు అరుగు మీద కూర్చుని నూలు కట్ట దొంగ ధర ముప్ఫై రెండని వింటూనే ఉన్నాను. విని కూడా ఆ అంకెను బొబ్బిలి యుద్ధం ఖాతాలో వేసి గంటన్నర వాదించాను. నన్ను కాదని ఆయన వదులుకున్నది బాకు ధర కాదు, మగ్గం మీద వచ్చే నెల తిండి.

మరుసటి వారం అదే దొంగ ధరకు ఒక కట్ట కొని దలారి చేత పంపాను. ధర్మం అనుకోవద్దు, అది మా వ్యాపారం పద్ధతి. నూలు మాది, నేత వాళ్ళది, చీరలు మావి. నేత కూలి ఆయన చెప్పినంత ఇచ్చాను. ఆ ఒక్కసారికీ ముఖం చిట్లించలేదు. తాతగారి అంచు చీరలు కొట్లో నాలుగు రోజులు కూడా ఆగలేదు.

లెక్క ఇది. నూలు, కూలి పోను చీరల మీద మిగిలింది మూడు రూపాయలు. అందులోంచి నేను వెళ్ళివచ్చిన బస్సు రూపాయి నాలుగణాలు, దారిలో కాఫీ రెండణాలు తీసెయ్యాలి. తాటాకు వాళ్ళ దడిదే కనక దానికి ఖర్చు లేదు. నికరం రూపాయి పది అణాలు లాభం. గంటం లేదు.