దయ్యాల పాటల మామ

మామ చనిపోయిన సంగతి నాకు ఒక వీడియో కింద కామెంటుగా తెలిసింది. "మాచర్ల తాత పోయాడంట" అని ఎవరో రాశారు. దాని కింద ఇంకెవరో పగలబడి నవ్వే బొమ్మలు మూడు పెట్టారు. ఆ వీడియో మీలో కొందరు చూసే ఉంటారు. తీసింది నేనే. కాబట్టి ఈ నాలుగు మాటలు రాయాల్సింది కూడా నేనే.

ఆయన నాకు చుట్టం కాదు. మాచర్లలో మా ఇంటికి మూడిళ్ల అవతల ఉండేవాడు. స్టేషన్ రోడ్డు పక్క సందులో కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ కట్టేవాడు. వాళ్లు ముస్లింలు, మేం క్రైస్తవులం. ఆయన్ని మామ అనీ, ఆయన భార్యని అత్త అనీ పిలిచేవాణ్ణి.

తొంభైల్లో, నాపరాళ్ల లోడుతో బెంగళూరు వెళ్లే లారీ డ్రైవరొకాయన అక్కడి ఫుట్‌పాత్‌ల మీద దొరికే ఇంగ్లీషు క్యాసెట్లు మామకు తెచ్చిపెట్టేవాడు. ఆ పాటల్లో గిటారు ఇనపరేకు కోసినట్టు మోగేది. పాడేవాడు గొంతు చించుకునేవాడు. అవి రేడియోలో రావు, టీవీలో రావు, గుంటూరు షాపుల్లో అడిగితే మన ముఖం చూసి నవ్వేవారు. మా వీధిలో వాటిని దయ్యాల పాటలనేవారు. అట్టల మీది పుర్రె బొమ్మలకు భయపడి అత్త ఆ అట్టలన్నీ పొయ్యిలో పెట్టేసింది. అందుకని పాడేదెవరో మాకెప్పుడూ తెలియలేదు. మామ ఒక్కో క్యాసెట్ మీద వైండింగ్‌కి పూసే ఎర్ర వార్నిష్‌తో ఒక నంబరు వేసుకున్నాడు. మాకు అవే పేర్లు.

ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, వెనక గదిలో మా ముగ్గురు కుర్రాళ్లకి వినిపించేవాడు. పైన రేకులు కాలిపోతుండేవి. ఆయన బల్ల మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. పాట అయ్యేదాకా ఎవరూ దగ్గకూడదు. అయ్యాక మాలో ఒకరి వైపు వేలు చూపించేవాడు.

"ఏందిరా, ఎట్టుంది?"

"చానా బాగుంది మామా."

"బాగుందని బువ్వ తిన్నాక చెప్పు. ఇక్కడ మాత్రం పాటలో ఎక్కడ బాగుందో చెప్పు."

చెప్పలేకపోతే వచ్చే వారం రావద్దనేవాడు. నన్ను మూడు ఆదివారాలు ఎండలో షట్టరు బయట నిలబెట్టాడు. నాలుగో ఆదివారం ఆయన అడగకముందే చెప్పాను: ఏడో నంబరు, రెండో పాట, డ్రమ్ములు ఒక్కసారిగా ఆగిపోయి గిటారొక్కటే నడిచే చోటు. బయట నిలబడి విన్నదే అది. "లోపలికి రా" అన్నాడు. బళ్లో, కాలేజీలో ఎందరో చదువు చెప్పారు. వినడం నేర్పింది మాత్రం ఈయనొక్కడే.

మంచివాడని రాయలేను. రెంటచింతల నుంచి బస్సులో వచ్చే స్నేహితుడు మాలో ఒకడుండేవాడు. చర్చిలో గిటారు వాయించేవాడు. ఒకసారి సొంతంగా పాట కట్టి, క్యాసెట్‌లో రికార్డు చేసి తెచ్చాడు. మామ దాన్ని మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. వెనక్కి తిప్పాడు. రికార్డు మీట నొక్కి, ఎవరూ మాట్లాడని గదిలో, దాన్ని మొదటి నుంచి చివరిదాకా చెరిపాడు. ఆరు నిమిషాలు పట్టింది. అంతసేపూ మేం అతని ముఖమే చూస్తూ కూర్చున్నాం.

"క్యాసెట్ మంచిది. పనికొచ్చేది ఏదన్నా ఎక్కించుకో" అని చేతిలో పెట్టాడు మామ.

మేం నవ్వాం. బయట నిలబడాల్సింది ఈసారి నేను కాదు గనక, నేనే ఎక్కువ నవ్వాను. అతను మళ్లీ రాలేదు. చర్చిలో కూడా గిటారు ముట్టుకోలేదని తర్వాత విన్నాను.

నేను నరసరావుపేటలో ఫోటో స్టూడియో పెట్టుకున్నాను. పోయినేడు పెళ్లి ఫోటోల పని మీద మాచర్ల వెళ్లి, మామ షాపులో ఆగాను. గడ్డం పూర్తిగా తెల్లబడింది. ఆ పాత టేప్ రికార్డరు ఇంకా పనిచేస్తోంది. ఏడో నంబరు పెట్టమని, నా ఫోన్ దాని దగ్గర పట్టాను. పాడింది ఎవరో ఫోన్ క్షణంలో చెప్పేసింది. ముప్ఫై ఏళ్లు మాకు తెలియని పేరు. మామ ఆ తెర వైపు చాలాసేపు చూశాడు.

"ఎంతమంది విన్నారంట?"

"లక్షల్లో ఉన్నారు మామా."

"నేను మనం నలుగురమే అనుకున్నా" అన్నాడు. ముఖం చిన్నబోయింది. టోపీ సర్దుకుని, "సరే, ఇంకోసారి పెట్టు" అన్నాడు.

ఫోన్‌ని పెద్ద స్పీకరుకి కలిపి పెట్టాను. ఆయన కళ్లు మూసుకుని తల ఊపడం మొదలుపెట్టాడు. టోపీ కింద పడింది. మాటలు తెలియవు కాబట్టి, పాడేవాడి గొంతుతో పాటు ఉత్త గర్జనలు చేశాడు. అదంతా పెళ్లి కోసం తెచ్చిన కెమెరాతో వీడియో తీశాను. ఆయన్ని అడగలేదు. ప్రేమతోనే తీశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ దానికి 'దయ్యం తాత' అని పేరు పెట్టి లోకం మీదకు వదిలింది నేనే. నలుగురూ నవ్వాలనే వదిలాను.

నవ్వారు. ఎవరెవరో ఆయన తల ఊపుడును తీసుకుపోయి పెళ్లి బ్యాండుకీ, భజనలకీ, ఎన్నికల ప్రసంగాలకీ అతికించారు. షాపు ముందు బైకులాపి తలలూపి పోయేవారు. మోటారు తెచ్చిన రైతులు "ఒక్కసారి ఊపు తాతా, మా వాళ్లకి చూపిస్తా" అనేవారు. నమాజుకి వెళ్తే వెనక వరుసలో నవ్వు వినపడేదట.

ఒక పొద్దున మామ నరసరావుపేట బస్సు దిగి నేరుగా నా స్టూడియోకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"తీసెయ్ రా."

ఆయన కళ్ల ముందే వీడియో తీసేశాను. ఆయన తన ఫోన్ తెరిచి ఇంకోటి చూపించాడు.

"మరి ఇదేంది?"

"అది నాది కాదు మామా. వేరేవాళ్లు ఎక్కించుకున్నారు. వాళ్లెవరో నాకు కూడా తెలవదు."

"ఆ రెంటచింతలోడి పాట బాగాలేదు, చెరిపేశా. ఆరు నిమిషాల్లో అయిపోయింది. మీ దాంట్లో అయిపోవడం అనేది లేదా?"

ఆయన నా వైపు వేలు చూపించాడు.

"నీకు ఎక్కడ నవ్వొచ్చిందిరా? ఎక్కడో చెప్పు."

చెప్పలేకపోయాను. అద్దాల తలుపు తోసుకుని వెళ్లిపోయాడు. అదే ఆఖరి చూపు.

కామెంటు చూసి నేను మాచర్ల చేరేసరికి ఖననం అయిపోయింది. షాపులోనే గుండె ఆగిందట. అత్త నన్ను గుమ్మం దగ్గరే ఆపింది.

"పోయేదాకా నీ పేరు ఎత్తలేదయ్యా. తిట్టను కూడా తిట్టలా" అంది.

క్యాసెట్లు ఏమయ్యాయని అడిగాను. ఆ మాట అడగడానికి అది సమయం కాదని తెలిసే అడిగాను.

"మా తమ్ముడి జొన్నచేలో ఉన్నయ్. నీ దగ్గర నుంచి వచ్చిన మర్నాడు పొద్దుట్నుంచి కూర్చుని, ఆయనే లాగి ఇచ్చాడు. పోయి చూసుకో" అని తలుపు వేసుకుంది.

చేను రెంటచింతల రోడ్డు పక్కనే ఉంది. వెళ్లి గట్టు మీద నిలబడ్డాను. కంకులు పాలు పోసుకుంటున్నాయి. చేనంతా కర్రలు పాతి, ఒక కర్ర నుంచి ఇంకో కర్రకు క్యాసెట్ల నల్ల రీళ్లు బిగించి కట్టారు. అవి ఎండలో మెరుస్తూ, గాలి వీచినప్పుడల్లా సన్నగా జుమ్ముమంటున్నాయి. చిలకల గుంపు ఒకటి కంకుల మీదకు దిగబోయి, ఆ మోతకు బెదిరి, మళ్లీ పైకి లేచింది.