వదిన తినే మొదటి ముద్ద

మా వదిన పోయి చానా కాలమైంది. ఇప్పటికీ ఎవరైనా ఆడమనిషి వడ్డించే ముందు గిన్నెలో నుంచి ఇంత తీసి నోట్లో వేసుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఉప్పు చూసుకుంటా ఉంటుంది పాపం, ఆమె తప్పేముంది. నా కోపం ఆమె మీద కాదు.

అప్పుడు మాది చంద్రగిరి. కొండకి ఘాట్ రోడ్డు వేసి బస్సులు కొత్తగా తిరగతా ఉన్న కాలం. మా అన్న ఆ బస్సులో కండక్టరు. బస్సు యాడ ఆగితే ఆడ తినేది, ఏ కుండలో నీళ్ళుంటే ఆ నీళ్ళు తాగేది. ఒక ఎండాకాలం ఇంటికి వచ్చి పడుకున్నోడు లేవలేదు. బేదులు. మొదట జిగట, తర్వాత నెత్తురు. చెంబు పట్టుకుని పెరట్లోకి పోయి వచ్చేలోపల మళ్ళీ పోవాల్సిందే. బస్సు మెట్ల మీద వేలాడతా కేకలేసే మనిషి గోడ పట్టుకుని నడిచినాడు.

మా అమ్మ దానిమ్మ తొక్కు కషాయం తాగించింది, మెంతులు మజ్జిగలో వేసి తాగించింది. ఆగలేదు. అప్పుడు చేరినారు ఇరుగమ్మా పొరుగమ్మా, "పెట్టుడుమందే మే ఇది" అని. మొగుణ్ణి కొంగుకి కట్టేసుకునేదానికి పెండ్లాం అన్నంలో కలిపి పెడుతుందంట, అది పేగులకి అంటుకుని మనిషిని కొంచెం కొంచెంగా తినేస్తుందంట. మా వదినది అరవ సరిహద్దు పల్లె. మాటలో ఆ యాస ఉండేది. పైగా ఇంకా బిడ్డల్లేరు. ఇంకేం కావాల?

పక్కపల్లె నుంచి మందు కక్కించేవాణ్ణి పిలిపించినారు. వాడు ఏదో ఆకు పసరు మజ్జిగలో కలిపి పట్టించినాడు. అసలే ఒంట్లో నీరు లేని మనిషి, పేగులు నోట్లోకి వచ్చేటట్టు కక్కినాడు. వాడు ఆ కక్కులో చెయ్యి పెట్టి కెలికి, వెంట్రుకలు చుట్టుకున్న ఉండ ఒకటి తీసి తమలపాకులో పెట్టి అందరికీ చూపించినాడు. అది వాడి చేతిలో ముందే ఉండిందని ఈరోజు పసిపిల్లోడు గూడా చెప్తాడు. ఆరోజు ఎవురూ చెప్పలేదు. "ఇంక మీదట ఆమె ఏం వడ్డించినా, అందరి ముందర ఆమె ఒక ముద్ద తిన్నాకే వీడికి పెట్టాల" అని చెప్పి పోయినాడు. వదిన వంటింటి గడప పట్టుకుని నిలబడి, "అత్తా, నేనేం పెట్టలేదత్తా" అనింది. మా అమ్మ తల తిప్పుకునింది.

కక్కినాక అన్న ఇంకా కుంగిపోయినాడు. కండ్లు గుంటలు పడినాయి. అప్పుడు కదిలినాడు మా నాయన. ఎవురి మాటా వినకుండా అన్నని రైలెక్కించి చిత్తూరు ఆసుపత్రికి తీసకపోయినాడు. తోడుగా వదిన, నేను. డాక్టరు అన్న పొట్ట నొక్కి చూసినాడు, యాడ తింటావు, ఏ నీళ్ళు తాగతావు అని అడిగినాడు. అప్పటికప్పుడు పోయిన బేది కావాలన్నాడు, చల్లారితే పనికిరాదంట. వదినే పరిగెత్తి తెచ్చిచ్చింది. ఆయన దాన్ని ఇంత గాజుబిళ్ళ మీద పూసి మైక్రోస్కోపులో చాలాసేపు చూసినాడు. నాయన ఆ పెట్టుడుమందు కత చెప్తే నవ్వలేదు, కోప్పడలేదు. "ఇట్లా రామ్మా, నువ్వే చూడు" అని వదినని పిలిచినాడు.

వదిన ఒక కన్ను మూసి వంగింది. "ఏందో కదల్తా ఉండాది" అనింది.

"అదేనమ్మా రోగం. అమీబా అంటారు. చెడ్డ నీళ్ళలో వస్తుంది, ఈగలు వాలిన కూట్లో వస్తుంది. ఎవరూ పెట్టేది కాదు."

వదిన మళ్ళీ వంగింది. చూస్తానే ఉండాది. నేను కొంగు పట్టి లాగితే గానీ లేవలేదు. కండ్లల్లో నీళ్ళు, మొగంలో నవ్వు. ఆమె అట్లా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

ఎమెటిన్ సూదులు వేసినారు. ఆ సూదులు గుండెకి బరువని అన్నని మంచం దిగనివ్వలేదు. అన్నీ వదినే ఎత్తిపోసింది, సగ్గుబియ్యం గంజి వదినే తాగించింది. నెత్తురు ఆగింది. మనిషి తేరుకున్నాడు.

ఇంటికి వచ్చీ రాగానే వదిన, "పురుగత్తా! నా కండ్లారా సూసినా" అనింది. మా అమ్మ చేతులెత్తి దండం పెట్టి, "ఆ మహానుభావుడు కక్కించబట్టి బతికినాడు నా కొడుకు. సూదులు ఒట్టి బలానికి" అనింది. చూడండి వరస! అన్న చచ్చిపోయుంటే మందు పెట్టి చంపిందనేవాళ్ళు. బతికినాడు కాబట్టి, కక్కినందుకే బతికినాడు. ఎట్ల తిప్పినా వదినే దొంగ. నాయన కండువా దులుపుకుని పొలానికి పోయినాడు.

ఆ పూటే మొదలైంది. మొగుడు తినందే పెండ్లాం మెతుకు ముట్టని కాలంలో, అందరి ముందర వదిన ముద్ద తిని, మింగి, ఆ తర్వాత అన్నకు పెట్టేది. అన్న తల వంచుకుని కాచుకోనుండేవాడు. "వద్దు, ఇంక మానుకో" అనే ఒక్క మాట ఆయన నోట్లో నుంచి రాలేదు. మా అమ్మ పోయినాక గూడా రాలేదు. నేనే తట్టుకోలేక, "ఇంకా ఏందన్నా ఇది?" అని అడిగినా.

"నేనేమన్నా తినమంటినా? ఆమే తింటాది" అన్నాడు.

బిడ్డలు పుట్టినారు, కొడుక్కి పెండ్లయింది. "మా అత్తకి ఆకలి జాస్తి" అని కొత్త కోడలు ఎగతాళి చేసేది. వదిన ముద్ద మింగి అన్నకు వడ్డించేది.

వదిన పోయి కర్మాలు అయినాక అందరం విస్తళ్ళ ముందర కూచున్నాం. కోడలు వడ్డించి పక్కన నిలబడింది. మేమందరం తింటా ఉండాము. అన్న చెయ్యి మాత్రం అన్నం మీద ఆగిపోయింది. తల వంచుకుని కాచుకోనుండాడు.

"ఏం మామా, చల్లారిపోతా ఉండాది" అనింది కోడలు.

దేనికి కాచుకోనుండాడో అప్పుడు తెలిసొచ్చింది ఆయనకి. విస్తరి ముందరే భోరుమన్నాడు.

"అయ్యో, పెండ్లామంటే ఎంత పాణమో సూడండి" అని కండ్లు తుడుచుకునింది నా పక్కనున్నామె. నేను సగం అన్నంలో లేచిపోయి చెయ్యి కడుక్కున్నా.