చెంగల్వ పేరు కొట్టేసిన చేయి

మొన్న ఏలూరులో మా చెల్లెలి మనవరాలికి బారసాల చేశారు. పిల్లకి ఏం పేరు పెట్టాలన్న విషయం మీద వారం రోజులుగా ఆ ఇంట్లో ఒకటే తర్జనభర్జన. ఎవరికీ లేని పేరు కావాలట, పలకడానికి తేలిగ్గా ఉండాలట. మా చెల్లెలి కోడలు ఫోను నా చేతికిచ్చి, ఇదెలా ఉందండీ పెద్దత్తయ్యగారూ అని అడిగితే, కళ్ళజోడు సర్దుకుని చూశాను. "చెంగల్వ" అని ఉంది. దాని కింద అర్థం అందమైన ఎర్ర పువ్వు అనీ, మూలం సంస్కృతం అనీ, ప్రాచుర్యం చాలా అరుదు అనీ మూడు వరుసలు. నాకు ఒళ్ళు మండిపోయింది. శుభమా అని బారసాల జరుగుతున్న ఇంట్లో కోపం తెచ్చుకోకూడదు గనక, బాగుందమ్మా అనేసి, కాళ్ళు కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

సంస్కృతమట! చెందామర, చెంగావి అంటామే, ఎరుపును చెప్పే ఆ చెం పక్కన కలువ చేరితే చెంగల్వ. అచ్చ తెనుగు మాట. పోనీ, మూలం తప్పు రాశారంటే సరిపెట్టుకుందును. అర్థం మాత్రం సరిపెట్టుకోలేను. ఎందుకంటే నేనెరిగిన చెంగల్వకి ఆ పేరు పువ్వును చూసి పెట్టినది కాదు. ఆ సంగతి ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. మన ఈడువాళ్ళకైతే అర్థమవుతుందని ఇవాళ చెబుతున్నాను.

అప్పట్లో నేను తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు టీచరుగా పనిచేసేదాన్ని. కొల్లేటిలో సర్కారువాళ్ళు చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిన ఏడాది అది. చెరువుల మీద కాపలా పనులు పోయి, లంకల్లో వాళ్ళు ఎటు దారి దొరికితే అటు పోయారు. అలా ఒక కుటుంబం గూడెం వచ్చింది. తండ్రి రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు, తల్లి ఉల్లిపాయల మార్కెట్లో పాయలు ఏరేది, పిల్లను తెచ్చి మా స్కూల్లో తొమ్మిదో తరగతిలో వేశారు. ఆ పిల్లే చెంగల్వ. మొదటి రోజు హాజరు పిలిచినప్పుడు క్లాసంతా గొల్లుమంది. నా క్లాసులో అప్పటికే ఇద్దరు లక్ష్మీప్రసన్నలు, ముగ్గురు దుర్గాభవానీలు ఉన్నారు. నేను చదువుకునే రోజుల్లో కూడా నా పేరుగలవాళ్ళం నలుగురం ఉండేవాళ్ళం, ఇంటిపేరులో మొదటి అక్షరం కలిపి పిలిస్తే తప్ప ఎవరు పలకాలో తెలిసేది కాదు. అందుకే కాబోలు, ఆ పేరు వినగానే నాకు ముచ్చటేసింది.

ఒకసారి తల్లి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చెయ్యడానికి వచ్చింది. తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట, పెన్ను గట్టిగా నొక్కిపట్టి, "చెంగల్వ" అని రాసింది. అది పిల్ల పేరమ్మా, నీ పేరు రాయాలి అన్నాను. ఆవిడ సిగ్గుపడి, తనకి వచ్చింది ఆ ఒక్క మాటేనండీ అంది. లంకలో వయోజన విద్య తరగతులు పెట్టినప్పుడు అందరూ ఎవరి పేరు వాళ్ళు నేర్చుకుంటుంటే, నా పేరుతో ఏం పనండీ, మా అమ్మాయి పేరు నేర్పండి అని అడిగి నేర్చుకుందట. ఆ పేరు ఎందుకు పెట్టారో కూడా అప్పుడే చెప్పింది. పిల్ల కడుపున ఉన్న ఏడు కొల్లేరు ఎండిపోయి, చేప లేక, పనిలేక, బురదలోంచి ఎర్రకలువ దుంపలు తవ్వుకుని ఉడకబెట్టుకు తిన్నారట, నెలల తరబడి. "ఆ దుంపలే మా ముగ్గురినీ బతికించాయండి. ఆ రుణం ఎలా తీర్చుకోవాలండీ మరి?" అంది. ఇదీ ఆ పేరుకు అర్థం. ఏ ఫోనులో రాస్తారు దీన్ని?

పిల్ల చురుకైనది. పదో తరగతికి వచ్చేసరికి స్కూలు మొత్తానికి మొదటి మార్కులు దానివే. అక్కడే వచ్చింది తంటా. బోర్డు పరీక్షకు పేర్ల జాబితా పంపే రోజున హెడ్మాస్టరుగారు నన్ను గదిలోకి పిలిచి, ఆ పేరు మీద వేలు పెట్టి, "ఇదేం పేరండీ టీచరుగారూ, చేపల బుట్టలోంచి తీసినట్టు! రేపు ఫస్టొస్తే ఫ్లెక్సీ మీద ఇదేనా వేసుకునేది? లక్ష్మీప్రసన్న అని రాసెయ్యండి, పిల్లకే మంచిది" అన్నారు. తల్లిదండ్రులకి చెప్పారా అండీ అని అడిగాను. తండ్రి చేత కాగితం మీద వేలిముద్ర వేయించేశాం, మీకెందుకు అన్నారు. నేను తెలుగు టీచరును. అది ఎంత మంచి మాటో ఆ స్కూల్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా ఎర్ర పెన్నుతో ఆ పేరు అడ్డంగా కొట్టేసి, పైన గుండ్రటి అక్షరాలతో లక్ష్మీప్రసన్న అని రాశాను. ఉద్యోగం పోతుందని భయం. హాల్ టికెట్టు వచ్చినప్పుడు ఆ పిల్ల నా దగ్గరికి పరిగెత్తుకొస్తే, పరీక్షలయ్యాక సరిచేస్తార్లే, ఇంట్లో చెప్పి వాళ్ళను కంగారు పెట్టకు అని అబద్ధం ఆడాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఫలితాలొచ్చాయి, అనుకున్నట్టే చెంగల్వ ఫస్టు. సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. మర్నాడు పొద్దున్నే తల్లి మార్కెట్టు నుంచి తిన్నగా స్కూలుకు వచ్చింది, చీర కొంగుకు ఉల్లిపొట్టు అంటుకునే ఉంది. హెడ్మాస్టరుగారి గదిలో నేనూ ఉన్నాను.

"బొమ్మ మా పిల్లదేనండీ. కింద పేరెవరిదండీ?" అంది.

ఆయన నవ్వి, మంచి పేరు పెట్టాం కదమ్మా, మీ ఆయన ఒప్పుకుని వేలిముద్ర కూడా వేశాడు అన్నారు. "ఆయనకి చదవడం రాదని తెలిసే కదండీ వేయించుకున్నారు?" అని ఆవిడ ఎంతో నెమ్మదిగా, మర్యాద తప్పకుండా అడిగింది. ఆయనకి కోపం వచ్చి, "రాసింది ఈ టీచరుగారే, ఆవిణ్ణే అడుగు" అన్నారు. ఆవిడ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఒక్క మాట, ఇది అన్యాయమండీ అన్న ఒక్క మాట, నా నోట రాలేదు.

ఏలూరులో హాస్టలున్న సర్కారు కాలేజీలో ఆ పిల్లకు సీటు వచ్చింది. తీరా వెళితే కులం సర్టిఫికెట్టులో ఒక పేరు, మార్కుల జాబితాలో ఇంకొక పేరు. అక్కడివాళ్ళు రెండు వారాలు గడువిచ్చారు. సర్టిఫికెట్లన్నీ లక్ష్మీప్రసన్న పేరు మీదికి మార్పించుకుంటే సరిపోతుంది కదా అని సలహా కూడా ఇచ్చారట. పిల్ల ఒప్పుకోలేదు. గడువు దాటింది, సీటు ఇంకొకరికి పోయింది.

ఈ సంగతి నాకు ఉల్లిపాయల మార్కెట్లో తెలిసింది. సరుకు కొందామని వెళ్ళేసరికి, గోతాల మధ్య తల్లి పక్కన కూర్చుని పాయలు ఏరుతోంది నా క్లాసు ఫస్టు. నన్ను చూసి లేచి నిలబడి, నమస్తే టీచర్ అంది. ఆ నమస్కారానికి నేను తగనని తెలిసి కూడా, పెద్దదాన్నని బుద్ధులు చెప్పబోయాను. పేరులో ఏముందమ్మా, మార్పించుకుని చదువుకోవచ్చు కదా అన్నాను. ఆ పిల్ల చేతిలో పాయ కింద పెట్టకుండానే, "మా అమ్మకి ఆ పేరు రాయడం రాదండీ" అంది.

ఇంటికి వచ్చి ఆ సాయంత్రమే విద్యాశాఖ ఆఫీసుకి ఉత్తరం రాశాను. తల్లిదండ్రులకు తెలియకుండా పేరు మార్చిన మాట నిజమనీ, హెడ్మాస్టరుగారు చెబితే కొట్టేసింది నేనేననీ సంతకం పెట్టి పంపాను. పది రోజుల్లో నా ఉద్యోగం పోయింది. దానికి నాకు విచారం లేదు. ఇంకా ముందే పోగొట్టుకుని ఉండాల్సింది. తరవాత ఆ పేరు సరిచేయించడానికి తల్లీ, పిల్లా, నేనూ ముగ్గురం ఎన్నిసార్లు ఏలూరు బస్సెక్కామో లెక్కలేదు. రేపు రమ్మనేవాడు ఒకడు, ఆ పాత రిజిస్టరు కనబడదనేవాడు ఒకడు. ఒక గుమస్తా అయితే పేరు పైకి చదివి పక్కవాడికి వినిపించి నవ్వాడు. నేను బల్ల మీద చెయ్యి వేసి, అది తెలుగు మాట నాయనా, తెలియకపోతే అడిగి తెలుసుకో అని గట్టిగా అన్నాను. జీవితంలో నేను అంత గొంతు ఎత్తింది అదే మొదటిసారి. తల్లి నా మోచెయ్యి పట్టుకుని, ఊరుకోండీ, మీకు ఆయాసం వస్తుంది అంది.

రెండో వేసవిలో సరైన పేరుతో కాగితం చేతికొచ్చింది. చెంగల్వ రెండేళ్ళు వెనకబడి కాలేజీలో చేరి, నర్సింగు చదివి, ఇప్పుడు పెద్దాసుపత్రిలో నర్సుగా ఉంది. పండక్కి ఫోను చేసి, ఎలా ఉన్నారండీ టీచర్ అంటుంది. క్షమించమని ఒకసారి అడగబోతే, మీరు మాతో తిరిగారు కదండీ అని మాట మార్చేసింది. ఆ హెడ్మాస్టరుగారికి మాత్రం పిల్లల్ని తీర్చిదిద్దిన మహానుభావుడని శాలువా కప్పారు. ఆయన ఆ తల్లికి క్షమాపణ చెప్పనే లేదు. స్కూల్లో వాళ్ళంతా మరిచిపోయారు, నేను మరిచిపోలేదు. ఆ పిల్ల ఉల్లిపొట్టులో పోగొట్టుకున్న రెండేళ్ళను తలచుకున్నప్పుడల్లా ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

కాలం మారిందంటారు, నిజమే. ఇప్పుడు పుట్టినప్పుడు రాసిన పేరే కంప్యూటర్లో ఉంటుంది, దాన్ని ఏ హెడ్మాస్టరూ తనకు తోచినట్టు మార్చలేడు. నాలాంటి పిరికి టీచరు చేతికి ఎర్ర పెన్నూ ఇవ్వరు. మంచిదే. కాని అంతకు ముందు అలా కొట్టేసిన పేర్లు ఈ డెల్టాలో ఎన్నో, నాకు తెలిసిన స్కూళ్ళలోనే ఎన్నో. మోటుగా ఉందని, లంక పేరని, నలుగురూ నవ్వుతారని, అడగకుండా, చెప్పకుండా. వాళ్ళందరికీ బస్సులెక్కి తిరిగే తల్లి ఉండి ఉండదు. ఆ ఆడపిల్లలంతా ఈపాటికి నడివయసుకు వచ్చి ఉంటారు. ఏ ఆఫీసులోనో, ఏ ఆసుపత్రి వరసలోనో, ఎవరిదో పేరు పెట్టి పిలిస్తే లేచి వెళుతూ ఉంటారు.