నా బదులు ఆత్మకూరు క్లాసుకు

ఇంటర్ పాసై ఉదయగిరిలో డిగ్రీలో చేరిన కొన్ని నెలలకే నాకు సైన్యంలో ఉద్యోగం వచ్చింది. టీసీ తీసుకోవడానికి కాలేజీకి వెళ్తే, చరిత్ర చెప్పే లెక్చరర్ భుజం తట్టి, "చదువు ఎక్కడికీ పోదులేరా, ముందు ఉద్యోగంలో చేరు" అన్నాడు. నా మంచి కోరే అన్నాడు. వానను నమ్ముకున్న కంది చేను తప్ప మా ఇంటికి వేరే ఆధారం లేదు. చేరిపోయాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు పుస్తకం ముట్టుకోలేదు. ట్రైనింగు, పోస్టింగులు, పెళ్ళి, కూతురు పుట్టడం, అన్నీ సెలవులకూ సెలవులకూ మధ్య జరిగిపోయాయి.

మళ్ళీ చదువు మీదికి మనసు మళ్ళింది ఇసుక కుప్ప వల్ల. ఒక ఏడాది మా శిక్షణ కేంద్రంలో కొత్త జవాన్లకు మ్యాపు చదవడం నేర్పే పని నాకు అప్పగించారు. మ్యాపులో కొండ ఎత్తును చూపించే వంకర గీతలు వాళ్ళకు ఎంత చెప్పినా ఎక్కడం లేదు. ఒక పొద్దున వాళ్ళను మైదానంలోకి తీసుకెళ్ళి, తడి ఇసుకతో మా ఉదయగిరి కొండను పేర్చాను. కింది నుంచి పైదాకా ఒక్కో ఎత్తులో చుట్టూ దారం కట్టి, పైనుంచి చూడమన్నాను. చూసిన ప్రతివాడి మొహమూ వెలిగింది. చదువు విభాగం సుబేదారు సాబ్ ఆ పక్కనే నిలబడి ఉన్నాడని నాకు తెలియదు. క్లాసు అయ్యాక పిలిచి, "నీకు చెప్పడం వచ్చు. డిగ్రీ ఉందా?" అని హిందీలో అడిగాడు.

"లేదు సాబ్. మధ్యలో మానేశాను."

"అయితే ఈ పనిలో నిన్ను ఎక్కువ రోజులు ఉంచలేను" అన్నాడు. కోపం లేదు, వెటకారం లేదు. ఉన్నమాట చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. సైన్యంలోంచి వచ్చాక సెక్యూరిటీ గార్డుగా ఏదో బ్యాంకు ముందు నిలబడతానని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. మా వైపు రిటైరైనవాళ్ళు ఎక్కువమంది చేసేది అదే. ఆ రోజు నుంచి, నేను బడిలో పాఠం చెప్పాలి అనుకున్నాను. దానికి ముందు డిగ్రీ కావాలి.

సెలవులో వచ్చినప్పుడు ఇంట్లో చెప్పాను. నాయన నులకమంచం మీద కూర్చుని విన్నాడు. "గవర్నమెంటు ఉద్యోగం ఉండాది, చేతినిండా జీతం ఉండాది. ఈ వయసులో పరీక్షలేందిరా?" అన్నాడు. నా భార్య మాత్రం, "ఎప్పుడు పోదాం ఆత్మకూరికి?" అంది. ఓపెన్ యూనివర్సిటీ స్టడీ సెంటర్ ఆత్మకూరులో ఉంది.

ఆమెది వింజమూరు పక్క పల్లె. ఇంటర్ మంచి మార్కులతో పాసై, పెళ్ళితో చదువు ఆపేసింది. మా ఊరి చర్చిలో ఆదివారం వాక్యం చదివేది ఆమే. మైకు పనిచేయకపోయినా చివరి వరుసలో కూర్చున్న ముసలివాళ్ళకు ప్రతి మాటా వినపడేది.

ఆత్మకూరు స్టడీ సెంటర్ అంటే ఒక కాలేజీలో రెండు గదులు. కోఆర్డినేటర్ సార్ నా గుర్తింపు కార్డు చూసి కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నాడు. "ఆదివారాలు ఇక్కడ క్లాసులుంటాయి. నువ్వు రాలేవు. పరీక్షలకన్నా రాగలవా?"

"వస్తాను సార్."

"చేరేటప్పుడు అందరూ అదే మాట చెబుతారు. నీలాంటి మిలటరీవాళ్ళు ఇంతకుముందు కూడా చేరినారు. ఫస్టియర్ దాటినోణ్ణి నేను చూడలేదు."

ఆ మాట నాకు మంచే చేసింది. బీఏలో చేరాను. చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం, తెలుగు మీడియం. మొదటి ఏడాది మైదాన ప్రాంతంలోనే ఉన్నాను కాబట్టి పెట్టెలో పుస్తకాలు పెట్టుకుని చదివాను. పరీక్షలకు సెలవు దొరికింది. పాసయ్యాను.

రెండో ఏడాది మొదలవుతూనే మా యూనిట్‌ను ఉత్తరాన మంచు కొండల్లోకి పంపారు. కింది క్యాంపు నుంచి మా పోస్టుకు నడిచే ఎక్కాలి. తుపాకీ, తూటాలు, చలిబట్టలు, తిండి అన్నీ వీపు మీదే. సామాను తనిఖీ చేసిన హవల్దారు నా పుస్తకాలు బయటికి తీసి, "ఇంత బరువు వీటికి పెట్టేకంటే ఇంకో కిరోసిన్ డబ్బా మోసుకుపో" అన్నాడు. ఆయన అన్నది న్యాయమే. పుస్తకాలు పార్సిల్ కట్టి ఇంటికి పంపేశాను. పార్సిల్ అందాక ఫోన్‌లో నా భార్య, "ఏమయ్యా, మానేసినావా?" అని అడిగింది.

"మానలేదు. ఎట్లా చదవాలో తెలీడం లేదు."

"నీ క్లాసుకు నేను పోతా. విని వచ్చి నీకు చెప్తా. పాఠాలు ఫోన్‌లో చదివి పంపిస్తా" అంది.

"నిన్ను రానిస్తారా మే?"

"అడిగితే కదా తెలిసేది."

ఆ ఆదివారం పాపను మా అమ్మ దగ్గర వదిలి, పొద్దున్నే బస్సెక్కి, వింజమూరులో బస్సు మారి ఆత్మకూరు చేరింది. చివరి బెంచీలో కూర్చుంది. కోఆర్డినేటర్ సార్ హాజరు వేస్తూ నా పేరు పిలిస్తే లేచి నిలబడింది. గదిలో అందరూ నవ్వారట.

"ఆయన బోర్డర్‌లో ఉండాడు సార్. ఆయన బదులు నేను విని చెప్పాలని వచ్చినాను."

"నీ హాజరు ఆయనకు వేయడం కుదరదమ్మా."

"హాజరు వద్దు సార్. కూర్చోనిస్తే చాలు."

సార్ కూర్చోమన్నాడు.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా కుదరలేదు. "ఆదివారం చర్చి మాని బస్సులెక్కి తిరిగేది ఏంది? వాక్యం ఎవరు చదవాల?" అని అమ్మ గట్టిగానే అడిగింది. నా భార్య ఎదురు చెప్పకుండా నేరుగా పాస్టరయ్యగారి దగ్గరికి వెళ్ళి విషయం చెప్పింది. ఆయన ఆలోచించి, "క్లాసున్న ఆదివారాలు నేనే చదువుకుంటాను. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నువ్వు చదువు తల్లీ" అన్నాడు. ఆయనే ఒప్పుకున్నాక అమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాయన అయితే బస్టాండు దాకా సైకిల్ మీద దింపడం మొదలుపెట్టాడు.

మా పోస్టులో సిగ్నల్ లేదు. సామాన్ల కోసం కింది క్యాంపుకు దిగినప్పుడు ఫోన్ బతికేది. ఆమె రికార్డు చేసి పంపిన పాఠాలన్నీ అక్కడ దించుకుని, పైకి వచ్చాక ఒక్కొక్కటీ వినేవాణ్ణి. మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. రాజనీతిశాస్త్రం కూడా ఆమె వాక్యం చదివినట్టే చదివింది. "రాజ్యమునకు నాలుగు లక్షణములు కలవు" అని ఆగి, జనం తలూపడానికి టైమిచ్చినట్టు ఊపిరి తీసుకుని, "ప్రజలు... ప్రదేశము... ప్రభుత్వము... సార్వభౌమాధికారము" అనేది. చివర్లో ఆమెన్ ఒక్కటే తక్కువ. మధ్యలో పాప ఏడుపు, కుక్కర్ విజిల్, "అత్తా, పొయ్యి చూడు" అన్న కేక కూడా వచ్చేవి. కానీ ఆమె ఆగిన చోటల్లా నాకు విషయం గుర్తుండిపోయేది.

నాతో పాటు ఆ బంకర్‌లో ఉన్న కర్నూలు జవాను మొదట్లో నన్ను ఆటపట్టించాడు. "పదైదేళ్ళు సర్వీసు చేస్తే డిగ్రీతో సమానమని సర్టిఫికెట్ ఆర్మీవాళ్ళే ఇస్తారు కదరా. ఈ చలిలో నీకు ఈ అవస్థ ఎందుకు?"

"సమానమని రాసిచ్చేది కాదు, డిగ్రీనే కావాలి నాకు" అన్నాను.

కొన్ని వారాలకు వాడు ఒక ఇయర్‌ఫోను తను పెట్టుకుని, "మొన్న ఆపిన కాడినుంచి పెట్టు. ఆ ఫ్రెంచి రాజు సంగతి ఏమైంది?" అని అడగడం మొదలుపెట్టాడు. స్టవ్ మీద మంచు కరిగించి నీళ్ళు చేసుకుంటూ ఇద్దరం ఫ్రెంచి విప్లవం విన్నాం.

ఆత్మకూరులో ఇంకో సంగతి జరిగింది. ఒకరోజు ఆర్థికశాస్త్రం లెక్చరర్ డిమాండు గురించి ప్రశ్న అడిగితే ఎవరూ చెప్పలేదట. చివరి బెంచీ నుంచి నా భార్య, ఉదయగిరిలో చెక్క గరిటెలకు పండగ ముందు గిరాకీ ఎట్లా పెరుగుతుందో, ప్లాస్టిక్‌వి చవగ్గా దొరికితే ఎట్లా పడిపోతుందో చెప్పిందట. క్లాసు అయ్యాక కోఆర్డినేటర్ సార్ ఆమెను ఆపాడు.

"అమ్మా, నువ్వు ఇంటర్ చదివినావు కదా. అడ్మిషన్లు ఇంకా ముగియలేదు. నీకోసం నువ్వు ఎందుకు చేరవు?"

నేను కింది క్యాంపుకు దిగినప్పుడు ఆమె ఫోన్‌లో ఈ మాట చెప్పింది. గొంతులో భయం ఉంది. "పాపతో, ఇంటిపనితో, నీ పాఠాలతో... నేను చదవగలనా?"

"నాకు చదివి వినిపించేది ఎవరు మే? సెకండియర్ నువ్వు అప్పుడే సగం చదివేసినావు. చేరు" అన్నాను. చేరింది.

పరీక్షల నెల వచ్చింది. సెలవు ముందే మంజూరైంది. పోస్టు నుంచి దిగి, కింది క్యాంపులో బండి ఎక్కే రోజున మంచు జారి రోడ్డు మూసుకుపోయింది. రేపు తెరుస్తారు, ఎల్లుండి తెరుస్తారు అంటూ అక్కడే ఉండిపోయాం. హెలికాప్టర్ వచ్చినా జబ్బుపడినవాళ్ళకే చోటు. మొదటి పేపరు రోజు ఆ డేరాలో కూర్చుని, ఈపాటికి ప్రశ్నపత్రం ఇచ్చి ఉంటారు అనుకున్నాను. రెండో పేపరు అయిపోయింది. మూడోదీ అయిపోయింది. కోప్పడడానికి మనిషి లేడు. మంచును ఎవరు తిడతారు? ఏడాదంతా చేతిలోంచి జారిపోయింది. ఇంక ఇది నావల్ల కాదు అనిపించిన రోజులు అవే.

రోడ్డు తెరిచే ముందు ఆమెకు ఫోన్ కలిసింది. ఆమె తన ఫస్టియర్ పరీక్షలు రాసేసింది. నా పరీక్షలు పోయాయని చెప్పాను.

"పోతే పోయింది" అంది. "వచ్చే ఏడు నేను కూడా సెకండియరే. ఇద్దరం ఒకటే క్లాసు. ఇప్పుడు మానేస్తే నేను ఎవురికి చదివి పంపించాల?"

నేను మానలేదు.

మరుసటి ఏడాది మా యూనిట్ కిందికి దిగింది. కానీ సరిగ్గా పరీక్షల సమయానికే పెద్ద ఎక్సర్‌సైజ్, అంటే యుద్ధ విన్యాసాలు, పెట్టి సెలవులన్నీ ఆపేశారు. నేను కమాండింగ్ ఆఫీసర్‌ను కలవాలని అర్జీ పెట్టుకున్నాను. యూనిఫాం ఇస్త్రీ చేసుకుని, సెల్యూట్ చేసి, ఆయన ముందు నిలబడ్డాను.

"ఎవరికీ ఇవ్వని సెలవు నీకెందుకివ్వాలి?" అన్నాడు ఆయన.

"పోయినసారి రోడ్డు మూసుకుపోయి పరీక్ష పోయింది సర్. ఎక్సర్‌సైజ్‌లో ముందు సగం ఉంటాను. పరీక్షలు రాసి, మర్నాడే బయల్దేరి వచ్చేస్తాను."

"నేను కుదరదంటే?"

"వచ్చే ఏడాది మళ్ళీ ఇక్కడికే వచ్చి అడుగుతాను సర్."

ఆయన పక్కనున్న సుబేదారు మేజర్ వైపు తిరిగి, "వెళ్ళనివ్వండి. లేకపోతే ఇతను రిటైరయ్యేదాకా నా ఆఫీసు ముందే నిలబడతాడు" అన్నాడు. నా సెకండియర్ అలా గట్టెక్కింది, ఆమెదీ అయింది.

ఆఖరి ఏడాది పరీక్షలకు ఆత్మకూరులో తెలిసినవాళ్ళ ఇంట్లో గది తీసుకున్నాం. పాపను కూడా తెచ్చుకున్నాం. అమ్మ వచ్చి తోడుంది, మా ఇద్దరికీ వండిపెట్టింది. "నువ్వు చెప్పు, ఆడు చెప్పేది తప్పేమో చూడు" అని కోడలితో అనేది. పొద్దున ఇద్దరం టీ తాగుతూ ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కునేవాళ్ళం. అన్నేళ్ళలో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని చదివింది ఆ వారమే.

హాల్లో నాది ముందు వరుస, ఆమెది కిటికీ పక్కన వెనకాల. హాల్‌టికెట్లు చూసిన ఇన్విజిలేటర్, "ఇద్దరూ ఒక ఇంటివాళ్ళేనా? అటూ ఇటూ చూపులు వద్దు" అన్నాడు. హాలంతా నవ్వింది. రాజనీతిశాస్త్రం పేపర్లో ఒక ప్రశ్న దగ్గర నా కలం ఆగిపోయింది. కళ్ళు మూసుకుంటే ఆమె గొంతు వినిపించింది, ఆగిన చోట ఆగుతూ. ఆ వరుసలోనే రాసేశాను. బయటికి వచ్చాక ఆ ప్రశ్న ఎట్లా రాశావని ఆమెను అడిగాను.

"అది వదిలేసినాను. గుర్తు రాలేదు" అంది.

అయినా ఆమెకే నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఫలితాలు వచ్చిన రోజు కోఆర్డినేటర్ సార్ తనే ఫోన్ చేశాడు. "ఇంక మిలటరీవాళ్ళు వస్తే ఆ మాట అననులే" అన్నాడు. నాయన కొత్త పంచె కట్టుకుని వీధంతా తిరిగి, "మా కోడలు డిగ్రీ పాసైంది, మావోడు కూడా" అని చెప్పాడట. ఆ వరుసలోనే చెప్పాడని అమ్మ నవ్వుతూ నాకు ఫోన్‌లో చెప్పింది.

ఈ సంవత్సరం నన్ను మళ్ళీ శిక్షణ కేంద్రానికి పంపారు. చదువు విభాగంలో వేశారు. అక్కడి పాత సుబేదారు సాబ్ రిటైరయ్యాడు, ఆయనకు చెప్పుకునే వీలు లేకపోయింది. సర్వీసు ఇంకా కొంత మిగిలి ఉంది. ఆమె బీఈడీ ఎంట్రెన్స్ రాసి సీటు తెచ్చుకుంది. నేను బయటికి వచ్చాకే బీఈడీలో చేరగలను, అప్పటికి నా తల సగం తెల్లబడుతుంది. ఫరవాలేదు. ఈమధ్య పొద్దున పీటీకి వెళ్ళే ముందు ఎంఏ మొదటి పుస్తకం తెరుస్తున్నాను.