మా సందు మీద లోడు

మా ఇంట్లో అందరికీ ముందుగా వచ్చిన ఇంగ్లీషు మాట లోడు. మా బాపు అఫ్జల్‌గంజ్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ. "లోడొచ్చింది" అంటే లారీ వచ్చింది, ఆ పూట మా పొయ్యి మీద కూర ఉడుకుతుంది. "లోడ్ రాలే" అంటే ఇక ఎవ్వరం నోరెత్తేవాళ్లం కాదు. బడిలో ఎల్ అక్షరానికి లోడ్ అని అరిచి టీచరమ్మ చేత మొట్టికాయ తిన్నాను.

హమాలీలకు ఒక కట్టుబాటు ఉండేది. నిండు బస్తాను ఎవడూ తన వీపు మీదికి తానే ఎత్తుకోలేడు. వంగినవాడు "చెయ్యెయ్యి" అన్నాడంటే పక్కనున్నవాడు వచ్చి ఎత్తాల్సిందే, పొద్దున కాలర్లు పట్టుకుని కొట్టుకున్నా సరే. మిగిలిన తిట్లు తర్వాత తిట్టుకునేవారు.

ఏళ్ల తరబడి మిర్చి ఘాటు, దుమ్ము పీల్చి బాపు ఊపిరితిత్తులు పాడైపోయాయి. "గుండె మీద లోడ్ పడుతోంది, ఆక్సిజన్ మెషిన్ ఆగకుండా చూసుకోండి" అని చెప్పి డాక్టరు ఇంటికి పంపేశాడు. మా ఉప్పుగూడ బస్తీలో, నడి ఎండాకాలంలో, కరెంటు పోకుండా చూసుకోవాలట! ఆయనదేం పోయింది, నోటితో చెప్పడమేగా.

ఆ రోజు పొద్దున్నే రెండుసార్లు కరెంటు పోయింది. దగ్గరున్న చిన్న సిలిండరు దాంతోనే ఖాళీ అయింది. కొత్తది సాయంత్రం గానీ రాదన్నారు. మధ్యాహ్నం మూడోసారి పోయేసరికి చెప్పులు కూడా వేసుకోకుండా స్తంభం దగ్గరికి పరుగెత్తాను. లైన్‌మన్ అప్పుడే ఫ్యూజు వేసి దిగుతున్నాడు.

"వచ్చింది తీ అక్కా. కానీ లోడ్ మస్తు ఎక్కువున్నది. ఇంటింటికి కూలర్లు నడుస్తున్నయ్. గవి బందుజేస్తేనే కరెంటు నిలుస్తది. ఈసారి పోయిందంటే ట్రాన్స్‌ఫార్మరే పోతది, ఇగ నా చేతుల లేదు."

అంతలో ఆఫీసులో నాతో పనిచేసే ఆమె ఫోన్ చేసింది. సంగతి విని, "లోడ్ తీస్కోకే, పరేషాన్ గాకు, అంతా మంచిగైతది" అంది. ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. నేను తీసుకోకపోతే ఇంకెవరు తీసుకుంటారే తల్లీ?

ఇంటింటికీ తిరిగాను. ప్రతి గుమ్మం దగ్గరా అదే మాట, మా బాపుకి ఊపిరాడట్లేదు, కూలర్ బందు చెయ్యండి. మూలింటి ముసలాయన, "హౌ బేటా, బంద్ కర్దేతూఁ" అంటూ నా ముందే స్విచ్ ఆపేశాడు. అందరూ ఆపారు. మిగిలింది ఎదురింటి పాలామె ఒక్కతే. సందులోకెల్లా పెద్ద ఫ్రిజ్ ఆమెది, పైగా రెండు కూలర్లు. బర్రెను మా గడప ముందు కట్టేసిందని బాపు ఆమెతో పెట్టుకున్న లొల్లికి రెండేళ్లు. అప్పటి నుంచి మాటల్లేవు.

ఇంట్లోకి వచ్చి చూస్తే లైటు గుడ్డిగా మినుకుమంటోంది. మెషిన్ ఆగుతూ అందుకుంటూ ఉంది. బాపు పెదవులు నల్లబడ్డాయి.

"పాలామెనడిగినవా?" అన్నాడు ఆయాసపడుతూ.

"ఆమెనా? నేనడగ. ఏమంటదో ఏమో."

"చెయ్యెయ్యమను బిడ్డా... పో."

వెళ్లాను. గడప బయటే నిలబడి, "చిన్నమ్మా, మా బాపు చెయ్యెయ్యమంటున్నడు" అని మొత్తం చెప్పాను.

ఆమె లోపలికి పోయింది. కూలర్లు ఆపింది. ఫ్రిజ్ తలుపు తీసి నిండా ఉన్న పాలను ఒకసారి చూసుకుంది. తలుపు మూసి ప్లగ్గు పీకేసింది.

"పాలు ఇరిగితే ఇరిగినయ్ తీ. బర్రె మల్ల ఇస్తది. నువ్వు ఉరుకు."

లైటు సరిగ్గా వెలిగింది. మెషిన్ ఒకే తీరుగా నడిచింది. జనమంతా గడపల మీదికొచ్చి అట్టముక్కలతో విసురుకుంటున్నారు. కూలర్ల చప్పుడు లేక మా మెషిన్ శబ్దం సందు చివరిదాకా వినబడుతోంది. బాపు చేయి పట్టుకుని కూర్చుని, బతికిపోయాం దేవుడా అనుకున్నాను.

నాలుగింటికి బాపు పోయాడు. కరెంటు ఉంది. మెషిన్ నడుస్తూనే ఉంది.

నాకు ఏడుపు రాలేదు. కిటికీలోంచి చూస్తే సందంతా అలాగే చెమటలు కక్కుతూ ఎండలో ఉంది. ఎవరో తల్లి పసిపిల్లకు తడిగుడ్డ చుడుతోంది. నేను వెళ్లి చెప్పేదాకా వీళ్లెవరూ కూలర్ వెయ్యరని అప్పుడు తట్టింది. మెషిన్ ఆపి, లేచి, ముందు పాలామె ఇంటికే వెళ్లాను.

"చిన్నమ్మా, ఇగ ఫ్రిజ్ ఏస్కో" అన్నాను.

ఆమె ఫ్రిజ్ వైపు చూడలేదు. విసనకర్ర పడేసి వచ్చి, నా చంకల కింద రెండు చేతులూ వేసి పట్టుకుంది.

"నువ్వు బాపు కాడ కూసో పో బిడ్డా" అంది. "తక్కిన ఇండ్లకు నేను జెప్పొస్త."