కొంగ కార్డు మీద నల్ల గీత

మేము సరిహద్దు పోస్టుకు చేరింది అక్టోబరులో, ఉదయం పదకొండుంబావుకు. ఎత్తు పదహారు వేల ఎనిమిది వందల అడుగులు. చలి సున్నాకు తొమ్మిది డిగ్రీలు కింద. గాలి పడమటి నుంచి. వీపున ఇరవై రెండు కిలోల సామాను. అక్కడ ఉన్నవి రెండు ఫైబర్ గుడిసెలు, ఒక రాతి బంకరు, కిరోసిన్ పొయ్యి. మేము పద్నాలుగు మందిమి. నాచారంలో నా కథ అడిగేవాళ్లు ముందు తుపాకుల గురించే అడుగుతారు. ఆ ఆరు నెలల్లో నేను ఒక్క గుండు కూడా పేల్చలేదు. నేను చేసిన నష్టమంతా ఒక మార్కర్ పెన్నుతోనే.

మా రేడియో ఆపరేటర్‌ది చిల్కానగర్. నాకంటే ఆరేళ్లు చిన్న. మా నాన్న ఫ్యాక్టరీ పనికి రాజమండ్రి వైపు నుంచి వచ్చి నాచారంలో స్థిరపడ్డాడు. అందుకని నా తెలుగంటే అతనికి వేళాకోళం.

"అండీ గిండీ ఇడిసిపెట్టన్నా. గీ చలిల గంత పొడుగు మాటలు గడ్డకడ్తయ్."

గంట గంటకూ సెట్ మీద కింది క్యాంపుకు రిపోర్టు ఇవ్వడం అతని పని. మధ్యలో ఖాళీ దొరికితే మేము పేకాడేవాళ్లం. అతను డైరీలోంచి ఒక పిక్చర్ పోస్టుకార్డు తీసి చూసుకునేవాడు. సరస్సు ఒడ్డున నల్లమెడ కొంగ. పైకి వస్తూ లోయలోని ఊళ్లో, టూరిస్టుల దుకాణంలో కొన్నాడు. బొమ్మ వైపే, కొంగ తలకు పైన, అదే కొంగ ఉన్న స్టాంపు అతికించి ఉంది.

"పోస్టు చెయ్యవేం?" అన్నాను ఒకరోజు.

"పోస్టు జేసేటిది గాదన్నా. మాక్సిమమ్ కార్డు అంటరు దీన్ని. కార్డు మీద కొంగ, స్టాంపు మీద గదే కొంగ, ముద్రల ఆ కొంగలు దిగే ఊరి పేరు. మూడు ఒక్కతీరుగ కలవాలె. రెండు కలిసినయ్. ఊరి పేరొక్కటే తక్వ."

మా ఫీల్డు పోస్టాఫీసు ముద్రలో ఊరి పేరుండదు, నంబరే ఉంటుంది. కాబట్టి లోయలోని మామూలు పోస్టాఫీసులోనే కొట్టించాలి. ఈ పిచ్చి అతనొక్కడిదే కాదు, భార్యది కూడా. ఆ స్టాంపు పాతది. ఆవిడ ఉప్పల్ చుట్టుపక్కల సేకరణదారులందరినీ అడిగి అడిగి ఒకటి సంపాదించింది. ఇంట్లో ఆల్బమ్‌లో ఆ కార్డుకు ఒక పేజీ, కార్డు దోపేందుకు నాలుగు కాగితం మూలలు అతికించి, ఖాళీగా ఉంచింది. వారానికి మూడు నిమిషాలు దొరికే ఫోనులో ఆవిడ మొదటి మాట, "కొంగకు ముద్ర పడ్డదా?"

డిసెంబరులో నాకు దవడ వాచింది. పన్ను పీకించుకోవడానికి లోయలోని మందుల గదికి దిగమన్నారు. ఆపరేటర్ కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా లోపలి జేబులో తనే దోపాడు.

"జర పైలం అన్నా. ముద్ర సగం స్టాంపు మీద, సగం కార్డు మీద పడాలె. పేరు సాఫ్‌గ కనవడాలె. గిసొంటి స్టాంపు ఇంకోటి లేదు మాకు."

పోస్టాఫీసు ఒక్క గది. పోస్టుమాస్టరు సిరా మెత్తను పొయ్యి పక్కన కాచి, ముందు చిత్తుకాగితం మీద కొట్టి చూసి, తర్వాత కార్డు మీద ఒకే ఒక్క దెబ్బ వేశాడు. ఊరి పేరు అక్షరం అక్షరం పడింది. పన్ను పోయిన నొప్పిలో కూడా నాకు నవ్వొచ్చింది.

ఆ సాయంత్రం ట్రాన్సిట్ క్యాంపులో మార్కర్‌తో నా కిరోసిన్ జెర్రీకేన్ మీద నంబరు వేసుకుంటున్నాను. పక్కన కార్డు ఉంది. పైకి వెళ్లే ముందు మాకు మూడుసార్లు చదివి వినిపించిన ఆర్డరు గుర్తొచ్చింది: ఇంటికి పోయే ఏ కాగితం మీదా ఊరి పేరు ఉండకూడదు. పదిహేడేళ్ల సర్వీసు. చెయ్యి తనంతట తనే పనిచేసింది. ముద్రలోని పేరు మీద ఒక గీత, దాని మీద ఇంకో గీత. అతన్ని చిక్కుల్లోంచి కాపాడానని కూడా అనుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

పైకి చేరాక ఆపరేటర్ కార్డు తీసి చూశాడు.

"ఏందన్నా గిది?"

"ఆర్డర్."

మా పోస్టుకు పెద్ద అయిన సుబేదార్ సాబ్ తొంగిచూసి తల పట్టుకున్నాడు. "అరే, ఆ పేరు ప్రతి దుకాణం బోర్డు మీద ఉంది. టూరిస్టులు చొక్కాల మీద వేసుకు తిరుగుతున్నారు. ఆర్డరు మనం ఉన్న పోస్టు గురించి. ఆ ఊరి గురించి ఎవరు చెప్పారు నీకు?"

ఆపరేటర్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. రెండు రోజులు నాతో సెట్ మీద మాట్లాడినట్టే మాట్లాడాడు, ముక్తసరిగా. మూడో రోజు టీ మగ్గు నా చేతికిస్తూ, "పోనీ తీయన్నా. ఇంకో స్టాంపు దేవులాడమని ఇంట్ల జెప్పిన. నా వంతు వస్తది గద, నేనే దిగి కొట్టించుకుంట" అన్నాడు. క్షమించమని అప్పుడైనా అనాల్సింది. అనలేదు.

అతని వంతుకు పన్నెండు రోజులుంది. ఐదో రోజు దగ్గు మొదలైంది. ఆరో రోజు తెల్లారేసరికి ఊపిరి తీస్తే లోపల నీళ్లు మరిగిన చప్పుడు. నర్సింగ్ అసిస్టెంటు ఆక్సిజన్ పెట్టాడు. సెట్ మీద నేను కూర్చున్నాను.

"పేషెంటు ఒకరు. ఊపిరితిత్తుల్లో నీరు. హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"మబ్బు నేలకు దిగి ఉంది. ఎగరదు. మోసుకు దించండి. ఓవర్."

ఆరున్నరకు స్ట్రెచర్ ఎత్తాం. ఆరుగురం వంతులవారీగా మోశాం. మోకాలి లోతు మంచు. పదిన్నరకు రోడ్డు. అక్కడి నుంచి బండి. ఒంటిగంటా నలభైకి లోయలోని ఊరు. రెండుంబావుకు మందుల గదిలో అతను పోయాడు. చివరి గంటలో నా చేతిని వదల్లేదు. అక్కడికి రెండొందల అడుగుల్లో పోస్టాఫీసు. తెరిచే ఉంది.

ఏప్రిల్‌లో మా దళం దిగింది. సెలవు మీద ఇంటికి వచ్చిన రెండో రోజు చిల్కానగర్ వెళ్లాను. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. అతని ట్రంకు పెట్టె అంతకు ముందే చేరింది. ఆవిడ మంచినీళ్లిచ్చి, ఆల్బమ్ తెచ్చి నా ముందు తెరిచింది. ఖాళీగా ఉంచిన పేజీలో కొంగ కార్డు ఉంది, నల్ల గీతతో సహా.

"కాయితాలన్నిట్ల నంబర్లే ఉన్నయన్నా. ఆయన పోయింది గీ ముద్ర పడ్డ ఊర్లనే అంట, ఆ పేరు యాడ లేదు. గీ ముద్రల ఉండె. దీన్ని గిట్ల ఎవరు జేసిన్రు? ఆఫీసోళ్లా?"

అవునంటే సరిపోయేది. ఆవిడకు తెలిసే దారి లేదు.

"నేనేనమ్మా" అన్నాను. మొత్తం చెప్పాను. దుకాణాల బోర్డుల సంగతి కూడా దాచలేదు.

ఆవిడ కార్డును పేజీలోంచి తీసి, "పేరన్న జెప్పు" అంది. చెప్పాను. నెమ్మదిగా రెండుసార్లు పలికింది. పెన్ను తెచ్చి కార్డు వెనక రాయమంది. రాసిచ్చాను. అక్షరాలను వేలితో తడిమి చూసుకుంది.

"గిది నీ రాత గదన్నా. ముద్ర గాదు."

తర్వాత కార్డు తిప్పి, చీర కొంగు చివర గ్లాసులో తడిపి, నల్ల గీత మీద రుద్దడం మొదలుపెట్టింది. ఆ ఇంకు పోయేది కాదని నాకు తెలుసు. జెర్రీకేన్ల మీద వానకూ మంచుకూ చెక్కుచెదరని ఇంకు అది. ఇంకు పోలేదు, కాగితమే లేచింది. తెల్లటి నూగు లేచి ఆవిడ వేలికి అంటుకుంటోంది. ఆవిడ రుద్దుతూనే ఉంది.