విమానం పోయేదాకా ఆగిన పాట

నలభై దాటాక ఆఫీసు మిత్రులం నలుగురం కలిసి బ్యాండు పెట్టుకున్నాం. గిటార్ నాది. మా మొదటి ప్రదర్శన శంషాబాద్ పక్కన కొత్వాల్‌గూడలో, మా గాయని లావణ్య వాళ్ల చెల్లెలి నిశ్చితార్థంలో. అక్కడ విమానాలు నెత్తిమీదుగా పోతాయని విని, ముందురోజే పెద్ద యాంప్లిఫయర్ కొన్నాను. విమానం మోతను మించి వాయించాలని నా పంతం.

మధ్యాహ్నం రెండో పాట సగంలో ఉండగా విమానం రానే వచ్చింది. వాల్యూమ్ చివరిదాకా తిప్పేశాను. యాంప్లిఫయర్ చెవులు చిల్లులు పడేలా కీచుమంది. పెళ్లికొడుకు తాతగారు ఉలిక్కిపడ్డారు, ఓ పసిపాప గుక్కపట్టి ఏడ్చింది. కంగారుగా యాంప్లిఫయర్ ఆపేసి చూస్తే, లావణ్య మైకు దించి నిలబడి ఉంది. పాట చెడగొట్టానని నా ప్రాణం చచ్చిపోయింది.

"గంత పరేషాన్ ఎందుకన్నా? జర ఆ విమానాన్ని పోనియ్యి. మనం ఏడికి పోతం?" అంది నవ్వుతూ.

అప్పుడు గమనించాను. ఊరివాళ్లంతా మాట సగంలో ఆపి, తాపీగా ఎదురుచూస్తున్నారు. రోజూ విమానాల కింద బతికేవాళ్ల అలవాటట అది. మోత తగ్గగానే ఎవరి మాట వాళ్లు ఆపిన చోటే అందుకున్నారు. లావణ్య కూడా ఆగిన పదం దగ్గరే, చెక్కుచెదరని శ్రుతిలో పాట అందుకుంది. కనీసం నా గిటార్ వైపు కూడా చూడలేదు!

ఆ తర్వాత మరో ఐదు విమానాలు పోయాయి. ఐదుసార్లూ తీగల మీద చెయ్యి ఆనించి, నేనూ ఆగాను.

"కొత్త యాంప్లిఫయర్ ఎలా పలికిందండీ?" అని ఇంటికి రాగానే మా ఆవిడ అడిగింది. లావణ్య పాట ఆపిన తీరు గురించే చెబుతూ కూర్చున్నాను.